పాత ఖాతా, కొత్త పుస్తకం

పాత పుస్తకానికి కొత్త ముద్రణ వచ్చినప్పుడు సమీక్షకుడు ముందుగా చూడవలసింది కాగితమూ కాదు, అట్టమీది బొమ్మా కాదు. పాఠం ఎంతవరకు మిగిలింది, ఎవరు ఏం తీసేశారు, తీసేసిన సంగతి చెప్పారా లేదా అన్నది చూడాలి. ఈ తేడా ఎంత దూరం పోగలదో ఆంధ్ర, తెలంగాణలకు బయట ఉన్న మనకి బాగా తెలిసిందే. తంజావూరులో పుట్టిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము' మొదట్లో కొన్ని భాగాలు లేకుండా అచ్చయింది. వాటితో సహా 1910లో అచ్చు వేయించిన మనిషి బెంగళూరు నాగరత్నమ్మ. ఆ పూర్తి పాఠాన్ని అప్పటి ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు.

అదే గీటురాయి మీద ఈసారి ఒక కంప్యూటరు ఆటను గీసి చూడదలచుకున్నాను. సాహిత్య పత్రికలో వీడియో గేమ్‌కి చోటేమిటని అడిగేవారికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. నేను బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో లెడ్జర్ల మధ్య బతుకుతున్నవాణ్ణి. కావ్యలక్షణాలు చెప్పేపాటి చదువు నాది కాదు. కాని పాత పుస్తకంలోని నిల్వను కొత్త పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు ఏమేం వస్తాయో, ఏమేం జారిపోతాయో నా చేతికి తెలుసు. నేను చూడబోయేది సరిగ్గా ఆ పనే. ఇరవై ఏళ్ళనాటి ఆటను కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేస్తే, పాత ఆటలో మనం పెంచుకున్న మనిషి అందులోకి రాగలడా? వస్తే ఏ రూపంలో వస్తాడు?

ముందు ఆట సంగతి. 2000 జూన్‌లో బ్లిజర్డ్ అనే అమెరికన్ కంపెనీ 'డయాబ్లో 2' విడుదల చేసింది. మరుసటి ఏడు దానికి 'లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్' అనే అనుబంధం వచ్చింది. ఇలాంటి ఆటలో ఆడేవాడు ఒక పాత్రను ఎంచుకొని, పేరు పెట్టి పెంచుతాడు. మొదట ఐదు రకాల వీరులుండేవారు, అనుబంధంతో ఏడు రకాలయ్యారు. చంపిన ప్రతి పిశాచానికీ అనుభవం కూడుతుంది. అది కూడిన కొద్దీ మెట్లు ఎక్కుతాడు. మొత్తం 99 మెట్లు. దారిలో దొరికిన కత్తులు, డాళ్ళు, రత్నాలు, బంగారు నాణాలు పోగేసుకుంటాడు. ఆట ఆపినప్పుడు ఆ మనిషి సంగతంతా కంప్యూటరులో ఒక చిన్న ఫైలుగా నిలుస్తుంది. దాన్ని సేవ్ ఫైలు అంటారు.

మా ఇంట్లో 2002లో అలా పుట్టినవాడి పేరు 'మగ్గం'. సోలాపూరు పద్మశాలీల ఇంట్లో ఇంకేం పేరు తడుతుంది! అప్పట్లో మా అక్క కొడుకు చదువుకోసం మా దగ్గర ఉండేవాడు. వాడికి పధ్నాలుగేళ్ళు. ఆ ఆట పేర్లను రోమన్ లిపిలోనే తీసుకుంటుంది, అదీ పదిహేను అక్షరాలకు మించకుండా. మన పేర్లను రేషన్ కార్డులో మరాఠీ గుమాస్తా ఒకలాగా, బడిలో ఇంకొకలాగా రాయగా చూసినవాళ్ళం కాబట్టి దానికి మేమేమీ నొచ్చుకోలేదు. మగ్గం నెక్రోమాన్సర్ జాతివాడు, అంటే శవాలనుంచి అస్థిపంజరాలను లేపి సైన్యం చేసుకునేవాడు. సాయంత్రం వాడు ఆడితే రాత్రి భోజనాలయ్యాక నేను ఆడేవాణ్ణి. మా బ్యాంకు భాషలో జాయింటు ఖాతా. ఇద్దరిలో ఎవరైనా నడపవచ్చు.

ఆ ఫైలులో ఏముంటుందో విడదీసి చూస్తే ఆ ఆట మనిషిని ఏమనుకుంటున్నదో తెలుస్తుంది. పేరు, జాతి, మెట్టు, బలం, నేర్చిన విద్యలు, పూర్తిచేసిన పనులు, తెరుచుకున్న దారులు ఉంటాయి. ఒంటిమీద ఉన్నవి, సంచిలో ఉన్నవి, పెట్టెలో దాచినవి ఒక్కొక్కటీ ఉంటాయి. ఊరివాళ్ళలో ఎవరెవరు పరిచయమయ్యారో కూడా గుర్తు ఉంటుంది. జీతానికి కుదుర్చుకున్న సిపాయి ఉంటాడు. లేపుకున్న అస్థిపంజరాలు మాత్రం ఉండవు. ఆట ఆపి మళ్ళీ వస్తే వాటిని మొదటినుంచీ లేపుకోవలసిందే. జీతగాడు పుస్తకంలో ఉంటాడు, వెట్టివాళ్ళు ఉండరు. ఇక ఏ రాత్రి ఎవరు ఆడారు, ఎక్కడ చచ్చి ఎన్నిసార్లు మొదలుపెట్టారు, ఆ కవచం దొరికినప్పుడు ఇంట్లో ఎవరు కేక పెట్టారు అన్నవాటికి అందులో గడి లేదు.

దీన్ని ఆక్షేపణగా అనటం లేదు. చేతి లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో మేమూ ఇదే చేశాం. లెడ్జరులో ఒక్కో ఖాతాకి ఒక్కో పేజీ. పేజీ పైన మూలన పాత గుమాస్తాలు రాసుకున్న మాటలుండేవి. ఎడమచేతి బొటనవేలు వేస్తాడని, చూపు తక్కువ గనక చదివి వినిపించాలని, పెద్దకోడలు వస్తే డబ్బు ఇవ్వవద్దని చెప్పాడని. కొత్త యంత్రంలోకి ఎక్కింది పేరు, చిరునామా, నిల్వ. ఆ రోజు సాయంత్రానికి లెక్క పైసాతో సహా సరిపోయింది. పెద్దకోడలి సంగతి రికార్డు గదిలో ఉండిపోయింది. లెక్క సరిపోవటం వేరు, మనిషి రావటం వేరు. ఈ తేడా ఎరిగినవాడికి ఈ ఆటల్లో చూడదగినది చాలా ఉంది.

2021 సెప్టెంబరు 23న 'డయాబ్లో 2: రిసరెక్టెడ్' అనే పేరుతో పాత ఆట కొత్తగా వచ్చింది. పనిలో ఎక్కువ భాగం వికేరియస్ విజన్స్ అనే సంస్థది. బొమ్మలన్నీ కొత్తగా గీశారు, మధ్యలో వచ్చే సుమారు 27 నిమిషాల చలనచిత్రాలను మొదటినుంచీ మళ్ళీ తీశారు. అయితే ఈ అలంకారం కింద నడుస్తున్నది పాత ఆటే. క్షణానికి 25 అడుగుల చొప్పున లెక్క వేసే ఆ పాత యంత్రమే దెబ్బ తగిలిందా లేదా అని నిర్ణయిస్తుంది. కొత్త బొమ్మ దానికి తొడిగిన చొక్కా మాత్రమే. కంప్యూటరు మీద జి అక్షరం నొక్కితే చొక్కా తీసేసి, 2000 నాటి గరుకు బొమ్మలతో అదే క్షణం, అదే పోట్లాట కనిపిస్తుంది. మళ్ళీ నొక్కితే కొత్తది.

నన్నడిగితే ఈ మొత్తం పునర్ముద్రణలో మెచ్చుకోదగిన మొదటి పని ఈ జి అక్షరం. ఒక పేజీలో తాళపత్రం, ఎదుటి పేజీలో అచ్చు వేసి, పోల్చుకోమని పాఠకుడి చేతికి ఇచ్చినట్టు. ఎంతమంది పరిష్కర్తలకు ఆ ధైర్యం ఉంది?

రెండోది, నా అసలు విషయం. ఇంట్లో కంప్యూటరు మీద ఒంటరిగా ఆడుకున్న పాత్ర ఫైలును ఈ కొత్త ఆట ఒప్పుకుంటుంది. పాత ఫైలును కొత్త ఆట తాలూకు సంచిలో పెడితే చాలు, పేరు జాబితాలో కనిపిస్తుంది. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు పాత పోగుల్ని అచ్చులోంచి పూర్తిగా లాగెయ్యడు. ఆ కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే అతుకుతాడు. అచ్చు అదే, పోగుల లెక్క అదే కాబట్టి అతుకు కుదురుతుంది. ఇక్కడా అంతే. కింద పాత యంత్రాన్ని కదల్చలేదు గనక పాత మనిషి నిలిచాడు.

2004లో పాత కంప్యూటరు అమ్మేటప్పుడు ఆ ఫైలును ఒక సీడీలోకి ఎక్కించి దాచాను. ఇది ఆట మీద అభిమానం కాదు, వృత్తి అలవాటు. 2021లో కెనడా నుంచి మేనల్లుడు ఫోను చేసి, "మామా, ఆ సీడీ ఉందా? పారేసినవా?" అన్నాడు. ఉంది. మగ్గం లేచి చలిమంట పక్కన నిలబడ్డాడు. మొహంమీద ముడతలు, కళ్ళకింద నలుపు. పాత బొమ్మలో మొహమంటే నాలుగు తెల్లటి చుక్కలు, మిగతాది మేము ఊహించుకున్నదే. కొత్త మొహం చాలా ఎక్కువ చెబుతున్నది, నేను అనుకోనివి చెబుతున్నది. ఈ ఒక్క చోట జి అక్షరానికి ఎక్కువసార్లు పని పెట్టాను. సంచి మాత్రం మేము వదిలినట్టే ఉంది. మూడు ఒకే రకం రత్నాలు వేస్తే అంతకంటే మేలైనది ఒకటి ఇచ్చే పెట్టె ఉంటుంది ఆ ఆటలో. అందులో రెండు మచ్చలేని నీలాలు మూడోదాని కోసం ఎదురుచూస్తూ అలాగే ఉన్నాయి.

ఇక దాచుకునే పెట్టె సంగతి. పాత అనుబంధంలో దానికి 48 గడులు. కొత్తదానిలో 100, అదికాక ఒకరి వస్తువు ఇంకొకరు తీసుకోవటానికి వీలుగా అన్ని పాత్రలకూ ఉమ్మడిగా నూరేసి గడుల పెట్టెలు మూడు. పాత రోజుల్లో చోటు చాలక ఆటగాళ్ళు ఏ పనీ చేయని పాత్రల్ని పుట్టించి వాళ్ళ మీద సరుకు మోపేవారు. వాటిని మ్యూల్ అనేవారు, అంటే కంచరగాడిద. ఇప్పుడు మా బ్యాంకుల్లో సైబరు దొంగలు అమాయకుల పేర నడిపే ఖాతాల్ని కూడా మ్యూల్ ఖాతాలనే అంటున్నారు. ఆ మాట ఆఫీసు సర్క్యులర్లో మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది, పక్కవాళ్ళకి ఎందుకో చెప్పలేకపోయాను. కొత్త పెట్టె సౌకర్యంగానే ఉంది. కాని 48 గడుల్లో ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి అన్న తగవులోంచే మగ్గం స్వభావం తయారైంది. ఎంచి ఎంచి ఉంచిన నలభై ఎనిమిదీ అంత ఖాళీలో, పల్లెనుంచి తెచ్చిన సామాను పెద్ద ఫ్లాటులో పెట్టినట్టు దిక్కులేకుండా కనిపించాయి.

ఇప్పుడు కథకు వద్దాం, ఎందుకంటే ఈ ఆట కథ కూడా పాత మనిషిని కొత్త ఆటలోకి తేవటం గురించే. 1996-97లో వచ్చిన మొదటి 'డయాబ్లో'లో ఆడేవాడు ట్రిస్ట్రమ్ అనే ఊరి గుడి కిందికి దిగి పిశాచాన్ని చంపుతాడు. చంపి, దాని ఆత్మ ఉన్న రాయిని లోకానికి కీడు చేయకుండా తన నుదుట గుచ్చుకుంటాడు. రెండో ఆట మొదలయ్యేసరికి ఆ వీరుడే నల్ల ముసుగు వేసుకొని తూర్పుకి నడుస్తుంటాడు. వాడు నడిచిన దారల్లా పాడవుతుంది. మనం తరిమేది వాణ్ణే. మొదటి ఆటలో విల్లు పట్టిన స్త్రీ రెండో ఆటలో బ్లడ్ రేవెన్ అనే పేరుతో శ్మశానంలో శవాలను లేపుతూ మన చేతిలో చస్తుంది. అంటే మనం కష్టపడి పెంచుకున్న పాత్రల్ని రచయితలు కొత్త ఆటలోకి తెచ్చారు, శత్రువులుగా తెచ్చారు. పాతదాన్ని మోసుకొచ్చినవాడు దానికి లోబడకుండా ఉండలేడు అని ఆ కథ చెబుతుంది. ఇంత కరకు ఊహ ఆటల్లో అరుదు.

ఇదే ఆట 2021లో ఫైలు రూపంలో మరో మాట చెబుతుంది. మోసుకురా, ఏమీ కాదు, గవ్వ ఖర్చు లేదు అంటుంది. మగ్గం పదిహేడేళ్ళు సీడీలో పడి ఉండి లేచాడు. కథలోని ముసుగువాడికి పట్టినగతి వాడికి పట్టలేదు. ఊళ్ళో ముసలామె అకారా నిన్న చూసినట్టే పలకరించింది. కథకీ ఫైలుకీ మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని తయారుచేసినవారు చూసినట్టు లేదు. ఒక్క వాక్యం, పాత ఫైలుతో వచ్చినవాడికి మాత్రమే వినిపించే ఒక్క పలకరింపు చేర్చి ఉంటే ఈ పునర్ముద్రణ మరో మెట్టు ఎక్కేది. పాఠాన్ని ముట్టుకోకూడదన్న నియమం ఇక్కడ వాళ్ళకి అడ్డు వచ్చిందేమో. వచ్చినా తప్పు పట్టను. చేర్చటం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు.

చేర్చినవారూ ఉన్నారు. 1998 నాటి 'బాల్డర్స్ గేట్'లో పెంచిన పాత్రని 2000లో వచ్చిన రెండో భాగంలోకి తీసుకుపోవచ్చు. 2012, 2013లలో ఈ రెంటికీ మెరుగుపెట్టిన కూర్పులు వచ్చినప్పుడు కూడా ఆ దారి తెరిచే ఉంచారు. అక్కడ పద్ధతి వేరు. రెండో భాగం తెరుచుకునేసరికి మన వీరుడు ఒక మాంత్రికుడి చెరలో, పంజరంలో ఉంటాడు. కత్తి లేదు, కవచం లేదు, అన్నీ లాగేసుకున్నారు. అనుభవమూ పేరూ మిగిలాయి. వస్తువులు ఎందుకు రాలేదో కథే చెబుతుంది. ఇది లెక్కల చాతుర్యం కాదు, రచన. ఒక తమాషా కూడా ఉంది. మొదటి భాగంలో ఒక సత్రంలో మనల్ని చాకలిమనిషి అనుకొని ఒక పెద్దమనిషి బంగారు లాగు చేతిలో పెడతాడు. దేనికీ పనికిరాని ఆ లాగు మాత్రం రెండో భాగంలోకి మనతో వస్తుంది. దాన్ని చివరిదాకా దాచినవాడికి, తర్వాత దొరికే వెండిదీ కంచుదీ కలిస్తే ఒక వింత కవచం తయారవుతుంది. పనికిరానిదాన్ని పారెయ్యకుండా మోసుకొచ్చినవాడికి ఇంతకంటే మంచి బహుమానం నేను చూడలేదు.

అయినా బాల్డర్స్ గేట్‌కి ఒక చెడ్డ అలవాటు ఉంది. మొదటి భాగంలో మీరు ఎవరితో తిరిగారన్నది రెండో భాగానికి పట్టదు. మీతో ఇమోయెన్, జహీరా, మిన్స్క్ తిరిగారని అదే నిర్ణయించుకుంటుంది. మీ ఆటలో వాళ్ళు చనిపోయి ఉన్నా, అసలు మీరు వాళ్ళని చేర్చుకోకపోయినా సరే, వాళ్ళే మీ పాత స్నేహితులు. నిల్వ మార్చకుండా, ఆ డబ్బు ఎవరు కట్టారన్న పేరు మార్చినట్టు. డయాబ్లోకి స్మృతి లేదు గనక అబద్ధం ఆడవలసిన అవసరం రాలేదు. స్మృతి ఉన్న ఆట అబద్ధం ఆడింది. ఈ రెంటిలో ఏది మేలంటే నేను వస్తువుల లెక్క చెప్పే మొదటిదాని వైపే ఉంటాను, వృత్తి దోషం అనుకోండి.

2025 ఏప్రిల్ 22న కొత్త రూపంలో వచ్చిన 'ఆబ్లివియన్' ఇంకో దారి పట్టింది. దాని మొదటి విడుదల 2006. డయాబ్లోలాగే ఇక్కడా పాత యంత్రం కిందే ఉంది, పైన కొత్త చిత్రయంత్రం తొడిగారు. అయినా పాత సేవ్ ఫైళ్ళు అందులో చెల్లవు. ఇక్కడ మనిషిని కొలిచే కొలతే మార్చారు. పాత ఆటలో మెట్టు ఎక్కినప్పుడు ఏయే విద్యలు ఎంత సాధన చేశామన్నదాన్ని బట్టి బలం, చురుకు వగైరా పెరిగేవి. ఆ లెక్కకు భయపడి కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకొని ఆడినవారున్నారు. కొత్తదానిలో మెట్టుకు పన్నెండు పాయింట్లు ఇచ్చి, ఇష్టమైనచోట పంచుకోమంటారు. కొత్త కొలత సుఖంగా ఉంది, ఒప్పుకుంటాను. కాని కొలత మారినంత మాత్రాన పాత నిల్వను తెచ్చుకోలేమని అనటం బ్యాంకువాడికి మింగుడుపడదు. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. అణాకి ఆరుంబావు పైసలు. నాలుగణాలు పాతికతో సరిపోయేవి, ఒకటీ రెండూ మూడూ అణాల దగ్గర ఏదో ఒక వైపు సర్దాల్సి వచ్చేది. అందుకని దేశంలో ఏ బ్యాంకూ ఖాతాదారుని పిలిచి, నీ పాత నిల్వ చెల్లదు, సున్నా నుంచి మొదలుపెట్టుకో అనలేదు. పట్టిక వేసి, సర్ది, ముందుకు తెచ్చారు. అలాంటి పట్టిక ఆబ్లివియన్‌వారు వేయలేదు.

'మాస్ ఎఫెక్ట్' మూడు ఆటల్ని కలిపి 2021 మేలో తెచ్చిన కూర్పు కూడా పాత సేవ్‌లను తీసుకోలేదు. పాత్ర మొహాన్ని అక్షరాల సంకేతంగా రాసుకున్నవారు ఉంటే ఆ సంకేతం మాత్రం పనికొచ్చింది. మొహం వచ్చింది, చేసిన పనులు రాలేదు. ఒక ఆటలో తీసుకున్న నిర్ణయం మూడో ఆటదాకా వెంటాడటమే గొప్పగా పేరు తెచ్చుకున్న కథకి ఇది చిన్న లోటు కాదు.

డయాబ్లో దగ్గరికే మళ్ళీ రావాలి, ఎందుకంటే అక్కడ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇంట్లో దాచుకున్న ఫైళ్ళనే ఒప్పుకున్నారు. కంపెనీ సర్వరు మీద, అంటే కంపెనీ ఇంట్లో దాచిన పాత్రలు కొత్త ఆటలోకి రాలేదు. పదిమందితో కలిసి ఆడిన వాళ్ళందరి పాత్రలూ అక్కడే ఉండేవి. ఇందులో చిత్రం చూడండి. ఇంట్లో ఉన్న ఫైలును ఎవరైనా దిద్దుకోవచ్చు, అలా దిద్దే సాధనాలు పాతరోజుల నుంచీ ఉన్నాయి. దొంగలెక్కకు వీలున్న పుస్తకం చెల్లింది. కంపెనీ తన కళ్ళముందు రాయించిన పుస్తకం చెల్లలేదు. దీనికి వారి వైపు న్యాయం లేకపోలేదు. ఇంటి ఫైలు కొత్త ఆటలో కూడా ఇంట్లోనే ఉంటుంది, బజారుకు పోదు, ఎవరినీ మోసగించదు. సర్వరు పాత్రలు బజారువి. పాత సర్వర్ల మీద ఒక వస్తువుకు వంద నకళ్ళు చేసి అమ్ముకున్న దొంగతనం చాలా జరిగింది. ఆ సరుకంతా కొత్త బజారులోకి వస్తే మొదటిరోజే బజారు చచ్చిపోతుంది. ఆడిట్ చేయలేని పుస్తకాలను ఏ బ్యాంకూ నెత్తిన పెట్టుకోదు.

అయినా మనసు ఒప్పదు. పాత సర్వరు మీద 90 రోజులు ముట్టుకోకపోతే పాత్ర చెరిగిపోయేది. మా దగ్గర పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్టు 2014లో వచ్చిన పథకం ప్రకారం రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. పోయినా ఖాతాదారుడు గానీ వారసుడు గానీ ఎప్పుడు వచ్చి అడిగినా ఇవ్వవలసిందే. బ్యాంకుల మీద జనానికి ఎన్ని ఫిర్యాదులున్నా ఈ ఒక్కదాంట్లో మేము తలెత్తుకోగలం. పాత్రలో ఉన్నది డబ్బు కాదని మీరు అనవచ్చు. వేల గంటలు. కొందరికి అది డబ్బుకంటే ఎక్కువ, కొందరికి ఏమీ కాదు. ఏది ఎంతో నిర్ణయించే హక్కు మాత్రం దాచిపెట్టినవాడిది కాదు, దాచుకున్నవాడిది.

ఇంటి ఫైలుకి ఉన్న ఇంకో గుణం మా వృత్తికి పూర్తిగా విరుద్ధం. దానికి నకలు తీస్తే అసలు తగ్గదు. జాయింటు ఖాతాలో లక్ష ఉండి ఇద్దరూ విడిపోతే చెరో యాభై వేలు. మగ్గం ఫైలు నేను కెనడాకి పంపాను. వాడి దగ్గర పూర్తి మగ్గం, నా దగ్గర పూర్తి మగ్గం. ఇద్దరి దగ్గరా ఆ రెండు నీలాలు ఉన్నాయి. వాడు మొదటి వారంలోనే అకారా దగ్గరికి పోయి, నేర్చిన విద్యలన్నీ తిరిగి ఇచ్చేసి కొత్తగా ఎంచుకున్నాడు. 2010 నుంచి పాత ఆటలోనే ఆ వెసులుబాటు ఉంది. వాడి మగ్గం ఇప్పుడు అస్థిపంజరాలను లేపడు, ఎముకల బల్లెం విసురుతాడు. 91వ మెట్టు మీద ఉన్నాడు. నా మగ్గం 84 మీద, అదే పాత సైన్యంతో, నెమ్మదిగా. 2022 ఏప్రిల్‌లో ఆట విద్యల బలాబలాలు సవరించినప్పుడు ఇద్దరూ మరికొంత మారారు.

అసలు మగ్గం ఎవరిది అని ఒకసారి ఫోనులో నిజంగానే మాటా మాటా అనుకున్నాం. "నువ్వు ఉన్నదున్నట్టు పెట్టుకున్నవు మామా, నేను ఆడుతున్న. ఆడేటోని దగ్గరున్నదే అసలు," అన్నాడు వాడు. నేను మార్చలేదు కాబట్టి నాది అసలు అని నా వాదం. ఆ వాదం నాకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. మా ముత్తాతలు తెలంగాణ నుంచి సోలాపూరుకు తెచ్చిన తెలుగు ఒక నకలు. దానిలో మేము 'పొద్దుగాల', 'అంగి' పెట్టుకున్నాం, కూరని 'భాజీ' చేసుకున్నాం. అక్కడ ఉన్న ప్రతి పత్రికలతో, రేడియోతో, సినిమాలతో తన దారిన పెరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు మా మాట విని నవ్వినప్పుడు మేము, మాది మారలేదు కాబట్టి మాదే అసలు అంటాం. హోసూరులో, మదురైలో, బరంపురంలో మీరూ అనే ఉంటారు. నిజానికి మనదీ మారింది, వాళ్ళదీ మారింది. ఫైలు అడుగున ఉన్న పేరు ఒకటే. మేనల్లుడితో ఆ రాత్రి ఇదంతా అనలేదు. వాడి పిల్లలకు తెలుగు మాట వస్తుందో రాదో అడిగే ధైర్యం లేక మాట మార్చాను.

తయారీదార్ల మీద నాకున్న చివరి అభ్యంతరం ఇక్కడే వస్తుంది. పాత ఆటలో ఇంటి పాత్రలు కలుసుకోవటానికి ఒక దారి ఉండేది. కంపెనీ ప్రమేయం లేకుండా ఒక ఇంటి కంప్యూటరు నేరుగా ఇంకో ఇంటి కంప్యూటరుకి తగిలించి ఆడుకోవచ్చు. 2021లో విడుదలకు ముందు, భద్రత కోసమని ఆ దారి తీసేశారు. భద్రత మాట నిజమే కావచ్చు. ఫలితం ఏమిటంటే, కొత్త ఆట ఇంటి పాత్రల్ని ఆదరంగా లోపలికి పిలిచి, ఒక్కొక్కరిని ఒక్కో గదిలో పెట్టి తలుపు వేసింది. సర్వరు మీద కలుద్దామంటే ఇంటి పాత్రకి అక్కడికి అనుమతి లేదు. పాత ఆటకే పోదామంటే, కొత్తదానిలో ఒకసారి ఆడిన ఫైలును పాత ఆట చదవదు. నా 84, వాడి 91 ఒకే చలిమంట దగ్గర నిలబడే వీలు ఏ కూర్పులోనూ లేదు. కలవగలిగింది సీడీలో ఉన్న 2004 నాటి మగ్గం మాత్రమే. ఆ సీడీని ఈమధ్యే ఇంకో రెండు చోట్ల నకలు తీసి పెట్టాను. ఒకటి వాడికి పంపాను.